ఈస్టర్ ఫొటో

ఆ ఫొటో కాదు, ఇంకేదైనా ఇవ్వాల్సింది అనుకుంది వెర్లీన్, జుట్టు సాపు చేసే వేడి దువ్వెన కుర్చీలో కూర్చున్న మిస్ ఒడెస్సా జుట్టులోనే ఆగిపోయింది, సెలూన్ టీవీలో తన కూతురు నవ్వుతోంది, ఈస్టర్ నాటి పసుపు గౌను, తాను సాపు చేసిన జుట్టు, తాను అద్దిన పెదాల రంగు, కింద పెద్ద అక్షరాల్లో టీచరుపై యువతి దాడి అట, ఏ యువతి, జకైరాకు పదకొండేళ్లు, ఉరిమితే ఇప్పటికీ తన పక్కలో దూరే పిల్ల, ముందు జుట్టు పట్టి లాగింది క్లాసులోని తెల్ల పిల్లాడు, ఇది వాణ్ణి తోసింది నిజమే, మధ్యలోకొచ్చిన టీచరు పడిందీ నిజమే, అందుకు బడిలో కాపలా ఉండే పోలీసు దాని చెంపను నేలకేసి నొక్కి వీపు మీద మోకాలు పెట్టాలా, ఆ పిల్లాడేమో వార్తలో చిన్నారి, మైనరు గనుక పేరు చెప్పరు, మొహం చూపరు, భయంతో అన్నం తినడం లేదట పాపం.

మంచి ఫొటో ఒకటి పంపండి మేడమ్, అంది వార్త కోసం ఫోన్ చేసిన టీవీ అమ్మాయి తేనెలొలికే గొంతుతో, ఎలాంటి అమ్మాయో అందరికీ తెలియాలి కదా, వెర్లీన్ పొంగిపోయింది, పన్ను ఊడి, చింపిరి జుట్టుతో ఐసు ముక్క చీకుతున్న ఫొటో ఉంది గానీ చర్చిలో వాళ్లు చూస్తే ఏమనుకుంటారు, ముందు మన బట్టలే చూస్తారే అని తన తల్లి గంజిపెట్టి ఇస్త్రీ చేసేది, అదే బుద్ధి, ఏరి కోరి తన చేత్తోనే యువతిని పంపింది.

చెవి కాలుతోందమ్మా, అంది మిస్ ఒడెస్సా, ఆపైన టీవీ కేసి చూసి, ఏమనుకోకు గానీ వెర్లీన్, పిల్ల పెద్దదానిలాగే ఉంది, పాపం ఆ పోలీసు మాత్రం ఏం చేస్తాడు, అంది, ఈ మాటన్నది తమలాంటి నల్లమనిషే, తమ చర్చి మనిషే, జకైరా పుట్టినప్పుడు ఉయ్యాల ఊపిన చేతులే అవి, ఇక రేపు బడి విచారణలో కూర్చునే ఆ ముగ్గురు పరాయివాళ్లను ఏమనాలి, బడిలో ఉంచాలా గెంటాలా తేల్చేది వాళ్లే, వాళ్ల ఇళ్లలోనూ ఈ టీవీయే మోగుతుంది.

మూల స్టూలు మీద జకైరా జుట్టు చుట్టే రోలర్లను రంగుల వారీగా వేరు చేస్తోంది, చెంప మీద గీరుకుపోయిన చోట పక్కు కట్టింది, అమ్మా రేపు ఏ గౌనేసుకోను, పసుపుదేనా, అని అడిగింది, వెర్లీన్ బీరువా అంతా మనసులోనే తిరగేసింది, మంచిది వేస్తే ఆడదానిలా ఉందంటారు, పాతది వేస్తే రౌడీదంటారు, తెల్లది, నీలంది, పువ్వులది, అన్నీ తనే కొన్నది, అన్నీ తనే ఉతికింది, అందులో ఏది తొడిగినా తన కూతురు వాళ్లకు పదకొండేళ్ల పిల్లలా కనిపించదు.