ఫోటోలో మంచం

ఖాళీ ఇళ్ళ ఫోటోల్లో సామాన్లు పెట్టడం ఆమె పని. నిజం సామాన్లు కావు, కంప్యూటర్లో తయారైనవి. ఇళ్ళు అద్దెకి చూపించే ఆఫీసులో ఏడేళ్ళుగా అదే. కిటికీ వెలుగు ఎటునుంచి పడుతోందో చూసి, దానికి తగ్గట్టు సోఫాకీ బల్లకీ నీడలు దిద్దేది. సాయంత్రానికి కళ్ళు మంటలెత్తి, ఇంటికెళ్ళి కూర తరగాలన్నా ప్రాణం మీదికొచ్చేది.

"ఆ మంచం కాస్త తగ్గించమ్మా, గది పెద్దగా కనబడాలి," అనేవాడు మేనేజరు. తగ్గించేది. వాదించే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

ఒక మధ్యాహ్నం ఎవరో బస్సు డ్రైవరు, యూనిఫాంలోనే, ఫోటో పట్టుకుని వచ్చాడు. మేనేజరు లేకపోవడంతో ఆమే లేచి వెళ్ళింది. ఆ ఫోటోలోని ఇంట్లో అద్దెకి దిగి పదిరోజులైందట.

"ఈ మంచం ఏ షాపులో దొరుకుతుందమ్మా? తిరగని చోటు లేదు. మా అమ్మకి పక్షవాతం. ఉన్న మంచం ఆ గదిలో వేస్తే తలుపు తెరుచుకోదు. పాపం, హాల్లో నేలమీదే పడుకుంటోంది."

"అలాంటి మంచం లేదండీ. అది నేను పెట్టిన బొమ్మ."

"అదేంటమ్మా, కింద నీడ కూడా ఉంటేనూ!"

"ఆ నీడా నేనే వేశాను."

అతను అరవలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. "అందుకేనన్నమాట, షాపువాళ్ళు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు," అని ఫోటో మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమె ఆ వారం ఫోటోలన్నీ తెరిచి, మంచాలని అసలు కొలతలకి మార్చేసింది. మేనేజరు నెత్తి పట్టుకున్నాడు. "ఇలాగైతే ఇళ్ళెవరు తీసుకుంటారు?"

"సరిపోయినవాళ్ళు తీసుకుంటారు సార్. తగ్గించడం ఇక నావల్ల కాదు."

ఆయన గొణుక్కుంటూ పడగ్గదులు పక్క సీటతనికిచ్చి, ఆమెకి వంటగదులు పడేశాడు. పోనీలే అనుకుంది.

ఆదివారం టేపు పట్టుకుని డ్రైవరు ఇంటికెళ్ళింది. రెండుసార్లు కొలిచాక తేలింది, తలుపు ఊడదీస్తే మంచం పడుతుందని. డ్రైవరు స్క్రూలు విప్పాడు, ఆమె తలుపు పట్టుకుంది. మంచం లోపల వేసి, పెద్దావిడని పడుకోబెట్టి, గుమ్మానికి దుప్పటి అడ్డం కట్టారు.

పెద్దావిడకి మాట ముద్దముద్దగా వస్తోంది. "నువ్వేం పని చేస్తావమ్మా?"

"ఖాళీ గదుల్లో సామాన్లు సర్దుతానండీ."

"అయ్యో తల్లీ! రోజూనా? నడుం పడిపోదూ?"

"పడిపోతుందండీ," అంటూ ఆమె మంచం అంచున కూలబడింది.