నేలనెమలి పొద

వాన వెలిసింది. తడి ఇసుక వాసన. బలుసు పొదల మీదుగా నల్లటి పిట్ట ఒకటి నిటారుగా లేచింది... రెక్కలు టపటపలాడించి, మళ్ళీ పొదల్లోకే జారింది.

మళ్ళీ లేచింది.

వీరవేణి కొడవలి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నేలనెమలి. తొలకరికి వచ్చే పిట్ట. ఆమె చిన్నతనంలో నరసాపురం దిగువన సముద్రపు ఒడ్డున దిబ్బదిబ్బకీ లేచేవి. ఇప్పుడు ఈ దిబ్బ మీదే.

రాజమండ్రికి పొగబండి వచ్చింది. పొగబండికి కట్టె కావాలి. కట్టెకు సరుగుడు తోటలు కావాలి. తోటలకు దిబ్బలు కావాలి.

దిబ్బలు పల్లంరాజుగారివి. పొదలు నరకడానికి జాలరిపేట ఆడవాళ్ళు కూలికి వచ్చారు. వీరవేణీ వచ్చింది. సముద్రం మీద వేటకు వెళ్ళిన మగడు కిందటేడు తిరిగి రాలేదు. పొయ్యి వెలగాలి.

నరుకుతూ, నరుకుతూ — ఒక పొద మొదట్లో ఆగింది.

ఇసుక రంగు నేలనెమలి పెట్ట. కడుపు కింద గుడ్లు. కదల్లేదు. ఆమెనే చూస్తోంది.

వీరవేణి ఆ పొద ముందు చతికిలబడింది.

పల్లంరాజు వచ్చాడు. "ఏంటే, కూర్చున్నావు?"

"పెట్ట పొదుగుతోందండి. ఈ పొద ఒక్కటీ వదిలెయ్యండి."

"పిట్ట కోసం పని ఆపమంటావా?"

"నా కూలి ఇవ్వకండి, బాబుగారూ. గుడ్లు పగిలి పిల్లలు లేచేదాకా ఆగండి, చాలు."

ఆయన పెట్టను చూశాడు. ఆమెను చూశాడు.

"సరే... లేచేదాకానే."

చుట్టూ అంతా నరికేశారు. బోడి ఇసుక మీద ఒక్క పొద. నక్కలు రాకుండా, కుక్కలు రాకుండా వీరవేణి కాపు కాసింది. ఇంట్లో గంజి పలచబడింది.

పిల్లలు లేచాయి.

పెట్ట వాటిని వెంటబెట్టుకుని బయటికి వచ్చింది. ఎటు చూసినా నీడ లేదు. పైన గద్ద తిరుగుతోంది.

వీరవేణి దూరంగా, వాటి వెనకే నడిచింది. గద్ద కిందికి దిగినప్పుడల్లా కొంగు విసిరి అదిలించింది. అవతలి దిబ్బ పొదల్లోకి దూరి అవి కనిపించకుండా పోయాయి.

అమ్మయ్య, అనుకుంది.

వారం తిరక్కుండా కూలికి పిలుపు వచ్చింది — ఆ దిబ్బకే.

ఆడవాళ్ళు వచ్చేసరికి వీరవేణి పొదల ముందు నిలబడి ఉంది. చేతిలో ఏమీ లేదు.

"తప్పుకోవే," అంది పక్కింటి అచ్చాయమ్మ. గట్టిగా అనలేకపోయింది. "పిల్లలకి కూడెట్టాలి గదా."

"పెట్టాలి వదినా," అంది వీరవేణి. "పెట్టాలి."

తప్పుకోలేదు.

సముద్రం గాలికి పొదలు ఊగుతున్నాయి. లోపల ఏదో కదిలింది... గాలో, పిట్టో.

అచ్చాయమ్మ కొడవలి కింద పెట్టలేదు.

ఎత్తనూ లేదు.