తేట చుక్కలు

తేటయ్యకు ఆ పేరు ఎవరూ పెట్టలేదు, ఆయన నోరే పెట్టించింది. ఆయనది నూనె గానుగ. కొత్తగా ఆడిన నూనెను కదపకుండా డబ్బాల్లో ఉంచి, మడ్డి అంతా అడుక్కి దిగాక, పైనున్న తేటను మాత్రం మెల్లగా వంచి అమ్మేవాడు. అడిగినా అడగకపోయినా "తేట మనది, మడ్డి మట్టిది" అనేవాడు.

ఇక అనుమానం సంగతంటారా, అది ఆయనకంటే ముందే పుట్టి, వాకిట్లో ఆయన కోసం కాచుకుని కూర్చుందట. ఎండలో నడుస్తూ, నీడ వెంబడిస్తోందని వెనక్కి తిరిగి కసురుకున్న మనిషి. గడియారం రెండు కొడితే, మూడోది ఎవడు కాజేశాడని చూసే రకం.

అటువంటివాడి ఎడమ కంట్లో నలుసు పడింది. గానుగలో గింజలు పోస్తుంటే పొట్టు రేగి పడింది. పోసింది బావమరిది. గాలికి రేగిందని అందరూ అన్నారు.

"గాలికి ఇంతమందిలో నా కన్నే దొరికిందా?" అన్నాడు తేటయ్య.

"నీ కళ్లే అందరికంటే పెద్దవి కదా బావా, ఎప్పుడూ నా మీదే తెరిచి ఉంటాయి" అన్నాడు బావమరిది.

తేటయ్య భుజం మీది తువ్వాలుతో కన్ను బాగా నలుపుకున్నాడు. నలుసు పోయింది గానీ మంట పోలేదు. కన్ను చింతనిప్పయింది. వెలుతురు చూస్తే నీళ్లు ధారకట్టాయి. నల్లగుడ్డు మీద, ఓ పక్కగా, బియ్యపు నూక అంత తెల్లమచ్చ తేలింది. దాన్ని చూసి భార్య ఇంకేమీ మాట్లాడకుండా ఆయన్ని కంటాసుపత్రికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ ఆయన గడ్డాన్ని యంత్రానికి ఆనించి, కంట్లోకి సన్నటి వెలుగుగీత వేసి చాలాసేపు చూసింది.

"నల్లగుడ్డు మీద పుండు పడింది పెద్దాయనా. అంచులు ఈక చీలినట్టు ఉన్నాయి. నాకు బూజు మీద, అంటే ఫంగస్ మీద, అనుమానంగా ఉంది."

అనుమానమన్న మాట వినగానే తేటయ్యకు ఆమె మీద కాస్త గౌరవం కలిగింది. కానీ అది ఎంతోసేపు నిలవలేదు. ఆమె కంటిని మొద్దుబార్చే చుక్కలు వేసి, సన్నటి కత్తితో పుండును పైపైన గీకింది. కొంత గాజు పలక మీద రాసి మైక్రోస్కోపు కింద చూసింది, కొంత మూతగిన్నెలో పెంచడానికి పెట్టింది.

"నా అనుమానం నిజమే, ఇది బూజే" అంటూ మందు రాసి, ఎలా వేసుకోవాలో చెప్పింది. ఆ సమయంలో తేటయ్య చెవులు అక్కడ లేవు. గీకినదంతా పలక మీదికే వెళ్లిందా, కొంత ఎక్కడైనా దాచిందా అని ఆమె చేతుల్నే కాపలా కాస్తున్నాడు. గంటకోసారి అన్న మాట మాత్రం వినబడింది. భార్య అప్పటికి గది బయట ఉంది.

మందు దుకాణం నుంచి సీసా తెచ్చింది బావమరిది. తేటయ్య దాన్ని వెలుతురులో ఎత్తి చూశాడు. సున్నపునీళ్లలా తెల్లగా ఉంది. అటక మీద పెట్టి, కాసేపాగి మళ్లీ చూశాడు. తెలుపంతా అడుక్కి దిగింది, పైన తేట నిలిచింది.

"చూశావా! కల్తీ! సున్నం కలిపారు."

"ఎవరు కలిపారు?" అంది భార్య.

"అమ్మినవాడో, తెచ్చినవాడో. ఇద్దరూ కలిసే చేశారేమో."

"నా తమ్ముడు నీ కంట్లో సున్నం కొడతాడా?"

"నా కన్ను పోతే గానుగ ఎవడి చేతికి వస్తుంది? నోట్లో మట్టి కొట్టేవాడికి కంట్లో సున్నం ఓ లెక్కా?"

భార్య రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయనకు అదీ మేలే అయింది. తన పని తాను చేసుకున్నాడు. సీసాను ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి, అడుగున తెలుపు చెదరకుండా వంచి, తేట చుక్క మాత్రం కంట్లో జార్చుకునేవాడు. గంట తప్పలేదు. మిగిలిన మడ్డిని సీసాలోనే ఉంచాడు, ఎప్పటికైనా పంచాయితీలో చూపించడానికి.

కన్ను బాగుపడలేదు సరికదా, పెనం మీంచి పొయ్యిలో పడింది. రాత్రంతా పోటు. నూక గింజంత మచ్చ శనగబద్దంతయి, కనుపాప వైపు పాకింది. ఇప్పుడు ఆయన అనుమానం బావమరిదిని వదిలి డాక్టరమ్మ మీదికి ఎక్కింది.

"ఆవిడ గీకింది కాబట్టే పెరిగింది. బాగున్నదాన్ని గీకితే బాగుపడుతుందా ఎక్కడైనా?"

"అదే మాట ఆవిడ మొహం మీద అడుగుదువు గానీ పద" అంది భార్య.

బస్సులో తేటయ్య సీసాను గ్లాసులో నిలబెట్టి, రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. మోచెయ్యి తగిలినవాడినల్లా తిట్టాడు.

డాక్టరమ్మ చూసి మొహం ముడుచుకుంది. మూతగిన్నె తెచ్చి చూపించింది. అందులో తెల్లటి నూగు పెరిగి ఉంది.

"మీ కంట్లోంచి తీసిందే. ఈ రకం బూజుకు ఆ మందే సరైనది. మరి పుండెందుకు పెరిగింది? అసలు వేస్తున్నారా?"

"వేస్తున్నాడమ్మా" అంది భార్య. "మా ఇంట్లో గంటలు కొట్టేది గడియారం కాదు, ఈయనే."

"నేను నమ్మను. ఆ మందు వేసిన కన్ను పెరుగు తిన్న పిల్ల మూతిలా ఉంటుంది. రెప్పల అంచునా, పుండు మీదా తెల్లగా అంటుకుని ఉంటుంది. ఈయన కన్ను కడిగిన గాజులా ఉంది. నాకు ఈ శుభ్రం మీదే అనుమానం. ఏదీ, నా ముందు ఒక చుక్క వేయండి."

తేటయ్య సీసాను గ్లాసులోంచి ఊపిరి బిగబట్టి తీశాడు. ఆమె అది లాక్కుని గిలక్కాయలా ఆడించింది.

"అయ్యో తల్లీ! మడ్డంతా కలిపేశావే!"

ఆడుతున్న సీసా ఆమె చేతిలో ఆగింది.

"మడ్డా?" అంది డాక్టరమ్మ. "పెద్దాయనా, ఈ మందు నీళ్లలో కరగదు. మీరు మడ్డి అంటున్నదే మందు. కుదిపి వేసుకోమని చెప్పానా లేదా? ఇన్నాళ్లూ మీరు పోసుకున్నది వట్టి తేట."

భార్య నుదురు కొట్టుకుంది. తేటయ్య మాత్రం ఇంకా లొంగలేదు. ఆ గిన్నెలోది తన కంటిదేనని నమ్మకమేమిటని అడిగాడు.

"అయితే ఇప్పుడే మళ్లీ గీకుతాను. ఎలాగూ గీకాలి, పైన పేరుకున్నది తీస్తేగాని మందు లోపలికి దిగదు. పలక మీంచి చూపు తిప్పకండి. ఇంకొంచెం పాకితే కనుపాపను కప్పేస్తుంది, లోతుకు దిగితే నల్లగుడ్డే మార్చాలి. అదీ నిలవకపోతే కన్ను దక్కదు."

గీకింది. పలకను ఆమె ఎటు తిప్పితే అటు తేటయ్య కుడికన్ను తిరిగింది, కోడిపిల్ల వెంట గద్దలా. ఆ కంటితోనే మైక్రోస్కోపులోకి చూశాడు. సన్నటి పోగులు.

"ఇవి నా తువ్వాలు నూలుపోగులు."

ఆమె ఆయన తువ్వాలు నుంచే ఒక పోగు లాగి పక్కన పెట్టి చూపించింది. నూలుపోగు మెలికలు తిరిగిన రిబ్బనులా ఉంది. కంటిలోవి అలా లేవు. వెదురులా కణుపులు కట్టి, కొమ్మకు కొమ్మ వేసుకుంటూ పోయాయి. తేటయ్య చాలాసేపు తల ఎత్తలేదు.

"ఇదంతా నా కంట్లోనే..." అని ఆగిపోయాడు. తర్వాత, "ఆ సీసా ఇంకోసారి కుదపండమ్మా" అన్నాడు.

ఆ రోజు నుంచి సీసా భార్య చేతికి వెళ్లింది. మొగుడి మెడ దొరికినట్టు కుదిపేది. ఆమె పొయ్యి దగ్గర ఉన్నప్పుడు తేటయ్య గానుగ దాకా నడిచి, సీసాను బావమరిది ముందు పెట్టి, "నువ్వు కుదుపు" అనేవాడు. ఆ ఇంట్లో క్షమాపణ అంటే అంతకంటే ఉండదు.

"ఇందులో నేనేం కలిపానో చూసుకున్నావా బావా?" అనేవాడు వాడు.

"మూసుకుని వెయ్యి!"

కంటి చుట్టూ తెల్లగా సున్నం పూసుకున్నట్టు తిరిగాడు. పోటు తగ్గింది. పుండు పాప అంచుదాకా వచ్చి, అక్కడ ఆగింది. డాక్టరమ్మ మధ్యమధ్య గీకుతూనే ఉంది. వారాలు గడిచాక ఎరుపు దిగి, పుండు ఆరి, తెల్లటి మచ్చ మిగిలింది.

చివర ఒకరోజు ఆమె కుడికన్ను మూయించి, గోడ మీది అక్షరాలు చదవమంది. తేటయ్య పైవరుస నుంచి కింది వరుస దాకా గుక్క తిప్పుకోకుండా చదివేశాడు. గంటగంటకూ చుక్కలతో విసిగిపోయి, ఇక మందు ఆపించాలని, బయట కూర్చున్నప్పుడే తలుపు సందులోంచి మంచి కంటితో ఆ అక్షరాలన్నీ వల్లెవేశాడు మరి.

డాక్టరమ్మ తల పంకించింది. "అంత మచ్చతో చిట్టచివరి వరుస కూడానా? ఆ మాట నన్ను నమ్మమంటారా?" అని, ఆయన భుజం పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. "గేటు దగ్గర ఎవరున్నారో చెప్పండి."

తేటయ్య ఎడమకన్ను చికిలించాడు. పొగమంచు వెనక లోకంలా ఉంది. ఈసారి అబద్ధమాడటానికి వల్లెవేసింది ఏమీ లేదు.

"ఎవరో ఆడమనిషి. మొహం తెలియట్లేదు. నా మీద కోపంగా ఉంది."

"మొహమే తెలియనప్పుడు కోపమెలా తెలిసింది?"

"చేతులు నడుం మీద ఉన్నాయమ్మా. మా ఆవిడే."

డాక్టరమ్మ నవ్వాపుకుని, "చూపు అంతవరకూ దక్కింది" అంటూ సీసాను కుదపడం మొదలుపెట్టింది.