తలుపులమ్మ మాయ ఫోటో

ఇంద్రజ కాకినాడలో కాన్పుల డాక్టరు. కడుపులో సరిగ్గా ఎదగని బిడ్డల మీద పరిశోధన చేసేది. 2006లో, ఉప్పాడ నేతకారుల ఇంటి కోడలు తలుపులమ్మకు ఏడో నెలలో ప్రాణం లేని మగబిడ్డ పుట్టాడు. బిడ్డ వెనకాలే బయటికొచ్చిన మాయను పరీక్షకు తీసుకోవచ్చా అని ఇంద్రజ అడిగింది.

"తీసుకోండి. ఎందుకిలా అయిందో నాకు చెప్పాలి మరి," అంది తలుపులమ్మ, గోడవైపు తిరిగి పడుకునే.

ఎక్స్‌రేలో తెల్లగా కనబడే మందును బొడ్డుతాడు గుండా మాయలోని రక్తనాళాల్లో నింపి, చిన్న ముక్క కోసి, ఇంద్రజ బెంగళూరు ల్యాబుకు పంపింది. అక్కడి యంత్రం ముక్కను కొద్దికొద్దిగా తిప్పుతూ వందల ఎక్స్‌రేలు తీసి, అన్నిటినీ కలిపి, వెంట్రుక కన్నా సన్నటి నాళాలను కూడా చూపిస్తుంది.

రెండు నెలలకు ఫోటోలు వచ్చాయి. ఇంద్రజ ఆ ఆదివారమే ఉప్పాడ బస్సెక్కింది.

అత్త అచ్చాయమ్మ కుర్చీ వేస్తూనే మొదలుపెట్టింది. "వద్దంటే వినలేదండి. ఆరో నెల దాకా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. బిడ్డ నలిగిపోడా?"

తలుపులమ్మ తలెత్తలేదు.

ఇంద్రజ రెండు ఫోటోలు చాప మీద పరిచింది. ఒకటి గుబురు పొదలా ఉంది. రెండోది నాలుగైదు పుల్లల్లా ఉంది.

"ఇది ఆరోగ్యంగా పుట్టిన ఇంకో బిడ్డ మాయ. ఇది నీది. ఈ కొమ్మల్లోంచే నీ బలం బిడ్డకి అందాలి. నీకు సరిగ్గా మొలవలేదమ్మా."

"మగ్గం వల్లేనాండి?"

వెంటనే కాదనేయాలనిపించింది ఇంద్రజకు. ఆగింది.

"ఎందుకు మొలవలేదో ఈ ఫోటో చెప్పదు. నాకూ తెలీదు. కానీ నలిగిన నాళం ఇందులో ఒక్కటీ కనబడలేదు. మగ్గం వల్లే అనడానికి ఏ ఆధారమూ లేదు."

తలుపులమ్మ ఆ పుల్లల మీద వేలు పెట్టి చూసింది. "ఈ కాసిన్నిటితో ఏడు నెలలున్నాడాండి నా బిడ్డ!" అంది. కాన్పునాడు కూడా ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది. అచ్చాయమ్మ కాసేపు నిలబడి, వచ్చి కోడలి పక్కన చాప మీద కూర్చుంది.

మరుసటేడు తలుపులమ్మ మళ్ళీ నెల తప్పింది. మూడో నెలలోనే అత్తాకోడళ్ళిద్దరూ ఆసుపత్రికి వచ్చారు.

"ఈసారి ముందే ఆ ఫోటో తీసెయ్యండి," అంది అచ్చాయమ్మ.

"కాన్పయి మాయ బయటికొస్తేనే కుదురుతుందండి."

"అయితే ఏంటండి లాభం?"

ఆ ప్రశ్న ఇంద్రజనూ చాలాసార్లు వేధించింది. "ఇప్పటికి స్కానింగే దిక్కు. నెలనెలా తప్పకుండా కోడల్ని తీసుకురండి," అని తేదీలు రాసిచ్చింది.

ఎనిమిదో నెల చివర్లో బిడ్డ పెరుగుదల మందగించినట్టు స్కానులో తేలింది. వెంటనే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల క్షేమంగా పుట్టింది, రెండు కిలోల బరువు. చలిగాలి సోకకుండా బాలింత చెవుల్లో దూది పెట్టనివ్వలేదని అచ్చాయమ్మ నర్సుతో వాదనకు దిగింది.