ఖాళీ చేసిన హాలు

రేడియో పిన్ని సంచిలో రెండు చీరలు, దువ్వెన, మోకాళ్ళ నూనె సీసా సర్దింది చెల్లెలు. నూనె కారి చీరలు పాడవుతాయేమోనని మూతకి గుడ్డ చుట్టి దారంతో కట్టింది. వాగుడు ఆగదు కనకే ఆ వృద్ధాశ్రమంలో అందరూ ఆమెని రేడియో పిన్ని అనేవాళ్ళు. ఆ పొద్దున మాత్రం బండి వచ్చేదాకా పిన్ని నోరు విప్పలేదు.

ఆ ఆశ్రమం అక్కచెల్లెళ్ళిద్దరిది. నడిపేది అక్క. మంచాన పడ్డవాళ్ళ ఆలనాపాలనా చెల్లెలిది. ఆ ఏడు సాయం చేస్తామంటూ రెండు సంస్థలు దరఖాస్తులు కోరాయి. ఒకటి ఏటా వచ్చేదే, మందులకీ తిండికీ బొటాబొటిగా సరిపోయేది. రెండోది చాలా పెద్దది, కాకపోతే కుట్టుపని నేర్పే కేంద్రం పెట్టాలి. రెండింటికీ గడువు ఒక్కటే, రాసేది అక్క ఒక్కతే. ఎన్నాళ్ళిలా చేయి చాపుతాం, ఈసారి నిలదొక్కుకుందాం అంటూ అక్క పెద్దదానికే రాయడానికి కూర్చుంది. చిన్నది వదిలేస్తే ముసలివాళ్ళ గతేమిటని చెల్లెలు నసిగింది. పెద్దది చేతికొస్తే వాళ్ళకి మేడ మీద కొత్త గదులే కట్టిద్దామంది అక్క.

తనిఖీకి వస్తున్నామని పెద్ద సంస్థ నుంచి కబురొచ్చింది. కుట్టుమిషన్లకి చోటు చూపించాలి. ఉన్నదల్లా మంచాలున్న హాలే. తనిఖీ అయ్యేదాకా ముసలివాళ్ళని ఊరవతలి సర్కారు వసతిగృహానికి పంపాలని అక్క తేల్చేసింది.

బండిలో కూర్చోబెడుతుంటే పిన్ని అడిగింది. "మళ్ళీ ఆ కిటికీ పక్క మంచం నాకేనా, అమ్మాయ్?"

"దాని మీద చీమనైనా వాలనిస్తానా పిన్నీ? వారంలో నేనే వచ్చి తీసుకొస్తా."

"చీమైతే పర్లేదులే. నాలా వాగదు."

తనిఖీవాళ్ళు వచ్చారు. సున్నం వాసనేస్తున్న హాలు మూలమూలా చూశారు. ఇప్పుడిక్కడ ఎవరుంటున్నారని వాళ్ళలో పెద్దాయన అడిగాడు.

"ఎవరూ లేరండీ, మొత్తం ఖాళీ" అంది అక్క, గొప్పగా.

"మరి మనుషులే లేకుండా ఇన్నాళ్ళూ ఏం నడిపారమ్మా?"

అక్క మంచాల సంగతి చెప్పబోయింది. అవి పెరట్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, టార్పాలిన్ కింద ఉన్నాయి.

పెద్ద సాయం వేరేవాళ్ళకి పోయింది. చిన్నదాని గడువు ఎప్పుడో దాటింది. ముసలివాళ్ళని తీసుకొచ్చి ఏం పెడతామే అంటూ అక్క రేపూమాపూ అని నెట్టుకొచ్చింది. చెల్లెలు కిటికీ పక్క మంచం ఒక్కటీ లోపలికి ఈడ్చుకొచ్చి వేసి, రోజూ దుప్పటి దులిపేది.

రేడియో పిన్ని తిరిగి రాలేదు. వానాకాలం మొదట్లో, ఒక మంగళవారం పొద్దున, ఆ వసతిగృహంలోనే పోయింది.