మొదటి గుక్క

వెయిటర్ కప్పు తెచ్చి భర్త ముందు పెట్టాడు. భర్త ఫోనులోంచి తల ఎత్తకుండానే దాన్ని ఒక వేలితో ఆమె వైపు జరిపాడు. ఆమె ఒక గుక్క తాగి, "ఇక తాగొచ్చు" అని వెనక్కి జరిపింది.

పెళ్లయిన కొత్తలో అత్తగారు అప్పగించిన పనుల్లో ఇదొకటి. "వాడి నాలుక చిన్నప్పట్నుంచీ సున్నితం అమ్మాయ్. కాస్త వేడి తగిలిందా, రెండ్రోజులు ఇల్లు పీకి పందిరేస్తాడు. ఇన్నాళ్లూ నేనే ఒక గుక్క చూసి ఇచ్చేదాన్ని. ఇక నీ వంతు." ఆవిడ అప్పగించిన మిగతా పనులకు ఒక్కొక్కటిగా యంత్రాలొచ్చాయి. బట్టలకు ఒకటి, గిన్నెలకు ఒకటి. వేడి చూడటానికి ఏదీ రాలేదు.

చివరి గుక్క కూడా ఆమెదే. ఆయన అడుగున కొంచెం వదిలేస్తాడు, అది పారబోయడం ఆయనకు నచ్చదు. "నీకు విడిగా ఇంకోటెందుకు, ఎలాగూ దీంట్లో తాగుతావుగా" అంటాడు బేరర్ ముందే. ఆమె తలూపుతుంది. పదిహేనేళ్లుగా ఎన్ని హోటళ్లకు, ఎన్ని కాఫీ షాపులకు వెళ్లిందో ఆమెకు లెక్క లేదు, కానీ ఒక్కచోటా ఆమె ముందు ఆమె కప్పు లేదు.

మొదటి గుక్క అందాక ఆయన అడుగుతాడు, "ఎలా ఉంది?" అని. ఆమెకు తోచింది చెబుతుంది. ఆయన అప్పుడు కప్పును కిటికీ వైపు తిప్పి ఫొటో తీస్తాడు, నచ్చక ఇంకోటి తీస్తాడు, చెంచా పక్కకు జరిపి మళ్లీ తీస్తాడు. ఈలోగా నురుగు కూలిపోతుంది. ఆయన తాగేది చల్లారిన కాఫీ. సాయంత్రం ఆయన పేజీలో ఆ ఫొటో కింద ఆమెకు తోచింది ఉంటుంది.

ఊళ్లో ఏది కొత్తగా తెరిచినా జనం ఆ పేజీ చూసి వెళ్తారు. అపార్ట్‌మెంటులో ఆయన్ని జడ్జిగారు అంటారు. ఆయనకది ఇష్టం. సినిమాలకూ ఆయనే తీర్పు. మొన్న ఒక సినిమాకు వెళ్తే, ఆయన సగం సేపు నిద్రపోయాడు, ఆమె సగం సేపు కూతుర్ని బాత్‌రూముకు తిప్పింది. బయటికొస్తూ ఆమె అంది, "మెట్లు దిగుతుంటే ఒక్కరూ మాట్లాడలేదు చూశారా, ఇంటికెళ్లి ఏం వండాలా అని ఆలోచిస్తున్నట్టున్నారు." పొద్దున్నకల్లా అది ఆయన పేజీలో ఉంది. వండటం మాత్రం తీసేసి, పార్కింగ్ అని పెట్టాడు.

ఆమెకు కోపం రాలేదు. కోపం తెచ్చుకోవాల్సిన విషయమని కూడా అనిపించలేదు. ఇంట్లో ఆమెది ఏది మాత్రం విడిగా ఉంది గనక!

ఆ ఆదివారం వెళ్లింది ఊరంతా శాఖలున్న కాఫీ షాపుకు. ఎక్కడ చూసినా అవే కుర్చీలు, అదే పాట, అదే నవ్వు. ఆమె గుక్క తాగి కాసేపు ఆలోచించింది. "ఈ కాఫీ ఎవర్నీ నొప్పించకుండా మాట్లాడే మనిషిలా ఉందండీ. బయటికొచ్చాక ఏం మాట్లాడాడో గుర్తుండదు." ఆయన మొదటిసారి ఫోనులోంచి తల ఎత్తాడు. "మళ్లీ చెప్పు" అన్నాడు. చెప్పింది. ఆయన టైపు చేసుకున్నాడు.

ఆ మాట ఊళ్లో తిరిగింది. ఎవరెవరో ఎవరెవరికో పంపుకున్నారు. ఆ కాఫీ షాపుల వాళ్లే ఆయనకు ఫోను చేసి, మీలాంటివాళ్ల విమర్శే మాకు కావాలి, కొత్త కాఫీ తెస్తున్నాం, నలుగురి ముందు కూర్చుని రుచి చూసి చెప్పాలి, వచ్చే ఆదివారం కుటుంబంతో సహా రండి అన్నారు.

ఆమె పనిచేసేది బీమా ఆఫీసులో. మధ్యాహ్నం ఆడవాళ్లంతా ఫైళ్ల గది పక్కనున్న బల్ల దగ్గర డబ్బాలు విప్పుకుంటారు. ఆ వారం మాటలన్నీ పెద్దమేడమ్ రిటైర్మెంటు గురించే. ఆవిడకు పార్టీ ఎక్కడ ఇవ్వాలన్నది ఎటూ తేలడం లేదు.

"ఆ శాఖలున్న కాఫీ షాపులో చేద్దాం, పైన హాలు కూడా ఉంది" అంది ఒకరు.

ఆమె ఆలోచించకుండానే అనేసింది, "అక్కడ వద్దులే. ఆ కాఫీ ఎవర్నీ నొప్పించకుండా మాట్లాడే మనిషిలా ఉంటుంది."

అందరికంటే చిన్నది, కళ్లజోడు అని పిలుచుకునే అమ్మాయి, పడీపడీ నవ్వింది.

"అక్కా! అది సార్ రాసింది కదా! అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్తున్నావే! డబ్బాతో పాటు అభిప్రాయం కూడా సారే కట్టి పంపిస్తారా ఏంటి?"

అందరూ నవ్వారు. ఎగతాళి చేయాలని కాదు, నిజంగా నవ్వొచ్చి నవ్వారు. "మొన్న సినిమా గురించి కూడా అంతేగా, పార్కింగ్ అని" అంది ఇంకొకరు. "పార్కింగ్ కాదు, వంట" అని ఆమె నోటిదాకా వచ్చింది. ఆ మాట చెబితే మిగతాదంతా చెప్పాలి. చెబితే నమ్ముతారా? నమ్మినా ఇంకో మాట అడుగుతారు. మరి ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావు అంటారు.

"అవునే, ఆయన మాటే" అని ఆమె కూడా నవ్వింది. "ఇంట్లో రోజూ విని విని వచ్చేసింది."

సాయంత్రం దాకా ఆమె ముఖం మండుతూనే ఉంది. క్లెయిము కాగితాల మీద ముద్ర తలకిందులుగా రెండుసార్లు వేసింది. వాళ్లు నవ్వినందుకు కాదు ఆ సిగ్గు. వాళ్లకు తెలియదు, నవ్వారు. తనకు తెలుసు. తెలిసి, ఎవరూ బలవంతపెట్టకుండానే, నవ్వుతూ, తన మాటను ఆయన పేరున రాసిచ్చేసింది. దొంగతనమైతే పోయిందని ఏడవొచ్చు. ఇది తనే తలుపు తీసి, బండిలోకి ఎక్కించి, టాటా చెప్పినట్టుంది. డబ్బా కడుగుతుంటే పెద్దమేడమ్ పక్కకొచ్చి నిలబడింది. ఎప్పుడూ తక్కువ మాట్లాడే మనిషి.

"వాళ్ల మాట వదిలేయ్ అమ్మాయ్. నీకెక్కడ ఇష్టమో అక్కడ పెట్టు పార్టీ. నాకు అదే చాలు."

"నాకా?"

"నీకే. మీ ఆయనకు కాదు."

ఏ షాపులో కాఫీ మొదటి గుక్క ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. చల్లారిన చివరి గుక్క ఎలా ఉంటుందో తెలుసు. మధ్యలో ఎలా ఉంటుందో తెలియదు. నలభై ఏళ్ల మనిషి ఈ సంగతి ఎవరితో చెప్పుకుంటుంది? పెద్దమేడమ్‌తో "చూసి చెప్తాను" అంది.

రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ భర్తతో అంది. సగమే చెప్పింది. "ఆఫీసులో నేను ఆ కాఫీ మాట అంటే, మీ మాట కాపీ కొట్టానన్నారు."

ఆయనకు నవ్వాగలేదు. "అంటారు మరి. ఊరంతా నా మాటగా చదివారు."

"అన్నది నేను కదండీ."

"ఊరికే అన్నావు. నేను రాశాను. అనడం వేరు, రాయడం వేరు. నువ్వు రోజుకు వంద అంటావు, అన్నీ పనికొస్తాయా? ఏది పనికొస్తుందో చూసుకోవడం కూడా ఒక పనే." ఆయన గొంతులో కోపం లేదు. కూతురికి లెక్క నేర్పినంత ఓపికగా చెప్పాడు. "ఆదివారం నువ్వూ నా పక్కనే కూర్చో. వేడి ఎలాగూ చూస్తావుగా. చెవిలో చిన్నగా చెప్పావనుకో, మిగతాది నేను చూసుకుంటా."

మర్నాడు ఆఫీసు అయ్యాక ఆమె బస్టాపు దాటి నడిచింది. వీధి మలుపులో, చెప్పుల దుకాణం పక్కన, నాలుగు బల్లల కాఫీ షాపు ఒకటుంది. భర్త ఎప్పుడూ అందులోకి రాలేదు. ఫొటోకు వెలుతురు చాలదంటాడు. ఆమె గోడ పక్క బల్ల దగ్గర కూర్చుని ఒక కాఫీ చెప్పింది. చెబుతున్నప్పుడు గొంతు తగ్గించింది, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు. ఇంటికి ఆలస్యమవుతుందని భర్తకు మెసేజి పెట్టింది. కారణం రాయలేదు.

కాఫీ వచ్చింది. ఒక గుక్క తాగింది. కప్పును ఎదురుగా జరిపింది.

ఎదుటి కుర్చీలో ఎవరూ లేరు. జరిపిన సంగతి ఆమెకు తెలియలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, వీధిలోకి చూస్తూ కూర్చుంది. కాసేపటికి బల్ల తుడిచే మనిషి వచ్చి అవతలికి జరిగిన కప్పు చూశాడు, ఆమెను చూశాడు.

"బాగాలేదా మేడమ్? తీసేయమంటారా?"

అప్పుడు చూసుకుంది. కప్పు ఖాళీ కుర్చీ ముందుంది. చెవులు వేడెక్కాయి. ఆఫీసులో నవ్వులప్పుడు కూడా ఇంత సిగ్గేయలేదు. అక్కడ కనీసం ఎదురుగా మనుషులున్నారు. ఇక్కడ ఎవరూ అడగలేదు, ఎవరూ వేలితో జరపలేదు, అయినా చెయ్యి దాని పని అది చేసేసింది.

"తీయొద్దు" అంది. "నాదే అది. ఇటివ్వండి."

ఆమె ఆ కాఫీ మొత్తం తాగింది. సగానికొచ్చేసరికి చేదు తగ్గినట్టనిపించింది, వేడి గొంతుకు సరిగ్గా సరిపోయింది. ఇదన్నమాట మధ్యలో ఉండేది. ఆయన ఇన్నేళ్లూ ఫొటోలకు పోగొట్టుకున్నదీ, తనకు దక్కనిదీ ఇదే. దాని గురించి ఒక మాట తోచింది. చుట్టూ చూసింది. చెప్పడానికి ఎవరూ లేరు. మాట ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఆదివారం హాల్లో కుర్చీలన్నీ నిండాయి. ముందు బల్ల మీద తెల్లగుడ్డ, మైకు, భర్త. పక్కన ఆమె, ఆమె పక్కన పదేళ్ల కూతురు. మేనేజరు కప్పు తెచ్చి భర్త ముందు పెట్టి జనం వైపు తిరిగి చెయ్యి చాపాడు. భర్త నవ్వుతూ కప్పును ఆమె వైపు జరిపాడు.

ఆమె కప్పు పక్కన వేలి వెనకభాగం ఆనించి చూసింది. "వేడిగా ఉంది. కాసేపాగి తాగండి." వెనక్కి జరిపింది.

ఆయన నవ్వు అలాగే ఉంది, పెదాలు మాత్రం కదిలాయి. "చూసి చెప్పు."

"చూశానుగా."

మైకు పనిచేస్తోంది. ముందు వరుసలో ఎవరో నవ్వారు. ఆయన ఆమెను దాటించి కప్పును కూతురి వైపు చాపాడు. "నువ్వు చూడమ్మా, నాన్నకు."

కూతురు చెయ్యి చాపింది. వెంటనే చాపింది, ఎన్నోసార్లు చూసిన పనిలా. ఆమె ఆ చెయ్యిని పట్టుకుని కిందికి దించింది.

"దానికొద్దు. మీరే తాగండి." తర్వాత మేనేజరు వైపు తిరిగి, "నాకొక కప్పు ఇప్పిస్తారా? విడిగా" అంది.

ఆయన తాగాడు. నాలుక కాలి ఉండాలి, కళ్లలో నీళ్లు తిరిగాయి. "బాగుంది" అన్నాడు మైకులో. జనం ఎదురుచూశారు. "చాలా... చాలా బాగుంది. మంచి రుచి." ఎవరో దగ్గారు. ఈలోగా ఆమె కప్పు వచ్చింది, ఆమె ఒక గుక్క తాగింది. ఆయన ఆమె వైపు ఒరిగాడు. ఆమె నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. ఆయన్ని చూస్తుంటే జాలేసింది, జాలిపడుతున్నందుకు మళ్లీ సిగ్గేసింది. ఒక్క మాట అందిస్తే అందరూ చప్పట్లు కొడతారు, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆమె తన కప్పు ఎత్తి ఇంకో గుక్క తాగింది, మాటతో సహా మింగింది. అడుగుదాకా తాగి కప్పు దించింది.

ఇంటికొచ్చి తాళం తీస్తూ ఆయన అడిగాడు, "అసలు ఎలా ఉంది ఆ కాఫీ? రాత్రికి రాయాలి."

"మీరు తాగారుగా" అంది ఆమె.

సోమవారం డబ్బాలు విప్పకముందే కళ్లజోడు మొదలుపెట్టింది. "అక్కా, నిన్న ఏమన్నారు సార్? పేజీలో ఇంకా ఏం రాలేదే!"

బల్ల చుట్టూ అందరూ ఆమె వైపు తిరిగారు. పెద్దమేడమ్ కూడా చూసింది. ఆమె ముఖం మళ్లీ మండింది. ఈసారి తల దించుకోలేదు.

"ఆయన బాగుందన్నారు" అంది. "నేనేమంటానో అడుగు."