రెండేళ్ళలో కాసే బేరిచెట్టు

మా ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా ఒక రూలుండేది. అది సూట్‌కేసులోనైనా పట్టాలి, గరాజ్ సేల్‌లోనైనా అమ్ముడుపోవాలి. ఎందుకంటే మేము రెండేళ్ళలో ఇండియా వెళ్ళిపోతున్నాం. ఈ సంగతి మా ఆయన రామమోహన్ గారు నాకు డెబ్భై నాలుగులో, పెళ్ళయి నేను సియాటిల్‌లో దిగిన రోజున, ఎయిర్‌పోర్టు నుంచి కార్లో తీసుకొస్తూ చెప్పారు. ఆ తరవాత ఏటా చెబుతూనే ఉన్నారు. సంవత్సరాలు మారాయి గాని ఆ రెండు మాత్రం రెండుగానే ఉండిపోయింది.

డెబ్భై ఎనిమిదిలో సియాటిల్ పక్కనే బాతెల్‌లో ఇల్లు కొన్నాం. ఇల్లు సూట్‌కేసులో పట్టదు కదండీ అన్నాను. అది ఇన్వెస్ట్‌మెంట్ అన్నారు. ఆ ఇన్వెస్ట్‌మెంట్‌లో మేము మడతకుర్చీల మీద కూర్చుని మడతబల్ల మీద భోంచేసేవాళ్ళం. గోడలకి మేకు కొట్టనిచ్చేవారు కాదు. వేంకటేశ్వరస్వామి కూడా వంటగదిలో ఒక అట్టపెట్టె మీద, ఎప్పుడు బయలుదేరమంటే అప్పుడు బయలుదేరడానికి సిద్ధంగా ఉండేవాడు. గరాజ్‌లో మాత్రం ఒక సరికొత్త ఫ్రిజ్ ఉండేది. రెండువందల ఇరవై వోల్టులది, ఇండియా వెళ్ళాక వాడుకోవడానికి. ఇక్కడి కరెంటుకి అది పనిచెయ్యదు. దాని పెట్టె విప్పలేదు, విప్పితే షిప్పింగ్‌కి పనికిరాదని. ఆదివారం ఆదివారం మా ఆయన దాని మీద దుమ్ము దులిపేవారు. కారు మాత్రం బయట వానలో తడిసేది.

ఇవన్నీ నేను భరించాను. భరించలేనిది ఒక్కటే. మాకు దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో మెడికల్ లాబ్ టెక్నీషియన్ కోర్సు ఉండేది. గుంటూర్లో కెమిస్ట్రీతో బియ్యెస్సీ ప్యాసైనదాన్ని. రోజంతా కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు. సాయంకాలం క్లాసులు, మూడేళ్ళు. మా ఆయన వద్దనలేదు. ఆయన దేన్నీ వద్దనరు.

"మూడేళ్ళు కదా వసూ, మనం ఉండేది రెండేళ్ళే. సగంలో వదిలేసే చదువెందుకు చెప్పు?" అన్నారు.

లెక్క ప్రకారం ఆయన మాట కరెక్టే. ఏటా నేను అడిగేదాన్ని, ఏటా ఆ లెక్క అలాగే కరెక్టుగా తేలేది.

అలాంటి మనిషి ఒక శనివారం పొద్దున, పెరట్లో చెట్టు నాటుదామన్నారు. నేను కాఫీ ఒలకబోసుకున్నాను. తీరా చూస్తే, పళ్ళచెట్లున్న ఇంటికి అమ్మేటప్పుడు మంచి రేటు పలుకుతుందని ఆఫీసులో ఎవరో చెప్పారట. ఈ చలిలో మామిడి బతకదు, జామ బతకదు. ఆపిల్ ఇరుగింట్లోనూ పొరుగింట్లోనూ ఉంది. కాబట్టి బేరి.

బేరికాయంటే నాకు చిన్నప్పుడు బజార్లో బుట్టలకెత్తి అమ్మే గట్టికాయే తెలుసు. కొరికితే ఇసక నమిలినట్టుండేది. ఇక్కడి బేరిపండు అది కాదు. మొదటిసారి కొనితెచ్చి కోస్తే రసం మోచేతిదాకా కారింది. మా అమ్మాయి విద్యకి అప్పుడు మూడేళ్ళు. చొక్కా అంతా పాడుచేసుకుంది. నాకు మామిడిపళ్ళ రోజులు గుర్తొచ్చి, ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు.

మా ఆయన విమానాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. రెక్కకి ఏ బోల్టు వాడాలో తేల్చడం ఆయన పని. ఆ చలికాలమంతా బేరిచెట్లని కూడా అలాగే తేల్చారు. గ్రాఫు పేపరు మీద బార్ట్‌లెట్, బాస్క్, అంజూ, కామిస్, సెకెల్ అని ఐదు రకాలూ రాసి మార్కులేశారు. తీపికి పది, రసానికి పది, తెగుళ్ళని తట్టుకుంటే పది. ఎంత త్వరగా కాస్తుందన్నదానికి మాత్రం యాభై. బార్ట్‌లెట్‌లో పొట్టి రకం ఫస్టొచ్చింది. మూడేళ్ళకే కాస్తుందట.

నర్సరీ ఓనరు హాల్వర్సన్ అనే పొడుగాటి ముసలాయన. నవ్వడు, తొందరపడడు. మా ఆయన ఆయన్ని, రెండేళ్ళలో కాసే చెట్టేమైనా ఉందా అని అడిగారు.

హాల్వర్సన్ కాసేపు ఆలోచించి, "టమాటా ఉంది. మూణ్ణెల్లకే కాస్తుంది," అన్నాడు.

మా ఆయన టమాటాకి మార్కులెయ్యలేదు కాబట్టి బార్ట్‌లెట్ దగ్గరే ఆగారు. పుస్తకంలో ఇంకో ముక్క కూడా ఉంది. బేరి ఒంటరిగా కాయదు, పక్కన తోడుగా ఇంకో చెట్టుండాలి. రెండోది కామిస్ తీసుకుందామా, అన్నిట్లోకీ రుచైనది అదేనట కదా, అన్నాను. మా ఆయన నావైపు జాలిగా చూశారు.

"ఫస్ట్ ర్యాంకు దొరుకుతుంటే నాలుగో ర్యాంకు ఎవరైనా తీసుకుంటారా వసూ?"

ర్యాంకుల్లో పుట్టి ర్యాంకుల్లో పెరిగిన మనిషి. రెండూ బార్ట్‌లెట్లే కొన్నాం. హాల్వర్సన్ ఏదో చెప్పబోయాడు. మా ఆయన జేబులోంచి గ్రాఫు పేపరు తీసి చూపించారు. ముసలాయన దాన్ని పైనుంచి కిందిదాకా చదివి, మడిచి తిరిగిచ్చేసి, చెట్లు రెండూ కార్లో పెట్టాడు.

డెబ్భై తొమ్మిది మార్చిలో నాటాం. చెట్లు పుస్తకంలో చెప్పినట్టే పెరిగాయి. ఈలోపు విద్య కిండర్‌గార్టెన్‌లో చేరి, మేము రెండేళ్ళలో ఇండియా వెళ్ళిపోతున్నామని చెబితే పిల్లలందరూ కలిసి దానికో గుడ్‌బై కార్డు ఇచ్చారు. ఆ పిల్లలతోనే అది ఒకటో క్లాసుకొచ్చింది. మళ్ళీ అదే మాట చెబితే టీచరు నాకు ఫోన్ చేసింది, ఇంట్లో అంతా బాగానే ఉందా అని.

ఎనభై రెండు ఏప్రిల్‌లో రెండు చెట్లూ విరగబూశాయి. ఆకులకంటే ముందే పూలు, తెల్లగా, కొమ్మ కనపడకుండా. అప్పటిదాకా ఆ పెరడు నాది అనిపించలేదు. ఆ వారం మాత్రం మడతకుర్చీ పట్టుకెళ్ళి అక్కడే కూర్చున్నాను. తరవాత పూలన్నీ రాలాయి. ఒక్క పిందె నిలవలేదు.

మా ఆయన మట్టిని పరీక్ష చేయించారు. సున్నం చల్లారు, ఎముకల పొడి వేశారు. ఎనభై మూడులో మళ్ళీ పూత వచ్చింది, మళ్ళీ రాలింది. ఆయనతో పాటు పనిచేసే కొండల్ రావు, వరంగల్ మనిషి, ఒకరోజు భోజనానికొచ్చి ఆ చెట్ల కింద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆయన కూడా ఒకప్పుడు రెండేళ్ళ మనిషే. తరవాత నలుగురు మోస్తే గాని కదలని సోఫా కొనేసి, ఆ మాట మానేశాడు.

"ఏమయ్యా రామమోహన్, నీ రెండేండ్లు ఎప్పుడైతయ్? నా సోఫా గూడ పాతగైపాయె," అన్నాడు. తరవాత నాతో, "వదినా, చెట్లు మంచిగనే ఉన్నయ్. గీ మనిషికే ఏదో తెగులు తగిలింది," అన్నాడు.

మా ఆయన నవ్వలేదు. ఆయనకి నిజంగా కష్టంగా ఉంది. ఫస్ట్ ర్యాంకులు రెండూ ఫెయిలవడం ఆయన జీవితంలో ఎన్నడూ చూడలేదు.

ఎనభై నాలుగు ఫిబ్రవరి చివర్లో, చెట్లు అమ్మే సీజన్లో, మళ్ళీ హాల్వర్సన్ దగ్గరికి వెళ్ళాం. ఆ రోజు పొద్దున్నే నేను కాలేజీ సంగతి మళ్ళీ ఎత్తాను. మూడేళ్ళు కదా వసూ, అని ఆయన మొదలుపెట్టారు. మిగతాది నాకు నోటికొచ్చు గనక కార్లో కూర్చున్నాను.

హాల్వర్సన్ మా కథంతా విని, "రెండో చెట్టు ఏ రకం?" అన్నాడు.

"బార్ట్‌లెట్," అన్నారు మా ఆయన.

"మొదటిది?"

"బార్ట్‌లెట్."

హాల్వర్సన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ తరవాత నిదానంగా చెప్పాడు. లోకంలో ఉన్న బార్ట్‌లెట్ చెట్లన్నీ ఒకే చెట్టు కొమ్మల నుంచి అంటు కట్టినవట. ఒకదాని పుప్పొడి ఇంకోదానికి ఇక్కడ పనికిరాదు. తోడంటే వేరే రకం ఉండాలి.

నాకు వెంటనే అర్థమైంది.

"సగోత్రమండీ!" అన్నాను మా ఆయనతో.

"ఏమిటి?"

"రెండు చెట్లదీ ఒకటే గోత్రం. అన్నాచెల్లెళ్ళని తెచ్చి ఐదేళ్ళు పక్కపక్కన నిలబెట్టారు. పిల్లాజెల్లా ఎక్కణ్ణుంచొస్తారు?"

మా పెళ్ళప్పుడు మా గోత్రం ఒకటికి మూడుసార్లు అడిగి రాసుకున్న వంశం వాళ్ళది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గ్రాఫు పేపర్లో ఆ గడి ఒక్కటీ వెయ్యలేదు.

హాల్వర్సన్ మూడు దారులు చెప్పాడు. బాస్క్ నాటితే నాలుగైదేళ్ళలో పూతకొస్తుంది. కామిస్ అయితే చాలా ఆలస్యం. ఈ రెండూ వద్దనుకుంటే, పూత సమయంలో ఎవరి చెట్టు నుంచైనా వేరే రకం పూలకొమ్మలు నాలుగు కోసుకొచ్చి, బకెట్ నీళ్ళలో పెట్టి బార్ట్‌లెట్ల మధ్య ఉంచితే చాలు. తేనెటీగలు చూసుకుంటాయి. ఏటా అలాగే చెయ్యాలి.

మా ఆయన మొహం వెలిగిపోయింది.

"విన్నావా వసూ! చెట్టే అక్కర్లేదుట. రెండేళ్ళకి రెండు బకెట్లు, అంతే!"

అప్పుడు నాకు కోపమొచ్చింది. పదేళ్ళుగా విడివిడిగా వచ్చి పోయినదంతా ఆ పూట ఒక్కసారే వచ్చింది.

"బకెట్లో కొమ్మకి వేరుండదండీ!" అని అరిచాను. "నేను పదేళ్ళుగా ఆ బకెట్లోనే ఉన్నాను. కుర్చీ మడతదే, మంచం మడతదే, దేవుడు అట్టపెట్టె మీద. నిజంగా వెళ్ళేదుంటే రేపే టికెట్లు బుక్ చెయ్యండి, సాయంత్రానికి సామాను సర్దుతాను, పన్నెత్తి ఒక్క మాటనను. లేదూ, ఉండేదుంటే ఉన్నవాళ్ళలాగా ఉందాం. వెళ్ళకుండా ఉండకుండా ఇలా ఇంకో రెండేళ్ళు నావల్ల కాదు. నాకూ ముప్ఫై రెండొచ్చాయి. మొదటిసారి అడిగినప్పుడే చేరుంటే ఆ చదువు ఎప్పుడో అయిపోయుండేది!"

ఇదంతా తెలుగులోనే అన్నాను. అయినా నర్సరీలో ఉన్నవాళ్ళందరికీ అర్థమైంది. హాల్వర్సన్ అవతలికి నడిచి, తన సొంత ఎరువు బస్తా మీది అక్షరాలు శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

నేను హాల్వర్సన్ దగ్గరికి వెళ్ళి, అన్నిటికంటే ఆలస్యంగా కాసేది ఏదని ఇంగ్లీషులో అడిగాను.

"కామిస్. ఏడేళ్ళు, ఒక్కోసారి ఎనిమిది," అన్నాడు. "ఇలా ఎవరూ అడగరు."

"ఒకటివ్వండి," అన్నాను.

ఆకు లేని ఆ చెట్టు చూడ్డానికి చేతికర్రలా ఉంది. తడి గోనెగుడ్డ చుట్టిన వేళ్ళు నా ఒళ్ళో, కొన కిటికీ బయట పెట్టుకుని ఇంటికొచ్చాం. నా చీర కుచ్చిళ్ళన్నీ బురదయ్యాయి. అంత గట్టిగా అని ఉండకూడదేమో అనిపించింది గాని, అన్న మాటల్లో వెనక్కి తీసుకోవాల్సింది ఒక్కటీ కనపడలేదు.

ఇంటికి రాగానే ఆయన గరాజ్‌లోకి వెళ్ళిపోయారు. ఆదివారం కాకపోయినా ఫ్రిజ్ దుమ్ము దులపడానికే అనుకున్నాను. నేను పార తీసుకుని, వాన తుంపరలోనే గొయ్యి తవ్వడం మొదలుపెట్టాను. నేల మెత్తగానే ఉంది, నాకే అలవాటు లేదు. కాసేపటికి గరాజ్‌లోంచి పర్‌మని ఏదో కోస్తున్న చప్పుడు వినిపించింది.

మా ఆయన ఒక పెద్ద అట్ట నెత్తిన పెట్టుకుని పెరట్లోకి వచ్చారు. ఫ్రిజ్ పెట్టె. నాలుగు మూలలూ కోసి, చదును చేసి తెచ్చారు. దాని మీద ఎర్ర అక్షరాలు ఇంకా కొత్తగానే ఉన్నాయి, ఈ వైపు పైకి ఉండాలి అని.

"మొదట్లో గడ్డి పెరక్కుండా అట్ట పరవాలని పుస్తకంలో ఉంది," అన్నారు.

"ఆ పెట్టె లేకపోతే ఫ్రిజ్ ఇండియాకి ఎలా వెళ్తుంది?"

"వెళ్ళదు," అన్నారు.

నా చేతిలోంచి పార తీసుకుని ఆయనే తవ్వారు. నేను చెట్టు నిటారుగా పట్టుకుంటే మట్టి కప్పి, కాలితో తొక్కి, అట్ట పరిచారు. ఆ తరవాత పార మీద చేతులాన్చి నిలబడి, బోల్టుల గురించి ఆలోచించేటప్పుడు పెట్టే మొహమే పెట్టారు.

"నీ కోర్సు ఎన్నేళ్ళన్నావు?"

"మూడు."

పెదవులు కదుపుతూ ఏదో లెక్కేశారు.

"అయితే ఈ చెట్టు కాయకముందే అయిపోతుంది," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆయన చేతికున్న మట్టి ప్యాంటుకి తుడుచుకుని, ఏం చెయ్యాలో తోచక, చెట్టు నిటారుగా ఉందో లేదో ఇంకోసారి చూశారు. నేను లోపలికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, కాలేజీకి ఫోన్ చేశాను. శనివారం కదా, ఎవరూ ఎత్తలేదు. సోమవారం మళ్ళీ చేశాను.